ఏ ఇంజిన్?

2020 మే 8వ తేదీ పొద్దున నా బుర్రలోకి వచ్చిన మొదటి ప్రశ్న గురించి ఈ నాలుగు మాటలు. ఇన్నాళ్ళూ మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

లాక్‌డౌన్ రోజులు. మార్చి 22 నుంచి మామూలు ప్యాసింజరు రైళ్ళు లేవు, గూడ్సు బండ్లు మాత్రం తిరుగుతున్నాయి. మేముండేది మౌలాలీ వైపు, మూడో అంతస్తులో. ఇంటి నుంచే ఆఫీసు పని. రాత్రిళ్ళు ఊరంతా సద్దుమణిగి ఉండటంతో చాలా దూరం నుంచే ఇంజిన్ చప్పుడు వినబడేది. ఆ చప్పుడుని బట్టి అది ఏ రకం ఇంజినో చెప్పగలను. అలా చెప్పగలగటం గొప్ప అనుకునేవాణ్ణి. ఇప్పటికీ కొంచెం అనుకుంటాను.

ఆ పొద్దున వచ్చిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. మహారాష్ట్రలో జాల్నా దగ్గర స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసే మధ్యప్రదేశ్ కూలీలు ఇరవై మంది, ముందురోజు సాయంత్రం కాలినడకన ఇంటిదారి పట్టారు. పట్టాల వెంట నడిచారు. నడిచి నడిచి అలిసిపోయి, ఎలాగూ రైళ్ళు లేవు కదా అనుకుని, ఔరంగాబాద్ ఇవతల కర్మాడ్ దగ్గర పట్టాల మీదే ఒరిగి నిద్రపోయారు. తెల్లవారుజామున ఐదు దాటాక ఒక గూడ్సు బండి వచ్చింది. డ్రైవరు వాళ్ళని చూసి బ్రేకులు వేశాడు. బండి ఆగలేదు. 16 మంది పోయారు.

ఫోన్లో ఇది చదవగానే నేను అనుకున్నది: ఏ ఇంజిన్?

అయ్యో అని కాదు. ఎవరు వాళ్ళు అని కాదు. అది చర్లపల్లి నుంచి మన్మాడ్ వైపు పోతున్న ఖాళీ పెట్రోలు ట్యాంకర్ల బండి అని వార్తలో ఉంది. అంటే మా ఇంటి దగ్గర్నుంచే పోయి ఉండొచ్చు. జరిగిన చోటు మన దక్షిణ మధ్య రైల్వేలోదే, నాందేడ్ డివిజన్. ఆ లైనుకి అప్పటికి కరెంటు లేదు, కాబట్టి డీజిలే. డీజిల్ అంటే పాత ఆల్కోనా, కొత్త రకమా? ఏ షెడ్డుది? ఇదంతా రెండు మూడు సెకన్లలో అయిపోయింది. ఆ తర్వాత పట్టాల మధ్య కంకర మీద చెల్లాచెదురుగా పడున్న రొట్టెల ఫోటో కనబడింది. అప్పటిగ్గానీ నా బుర్ర మనుషుల దాకా రాలేదు.

మా రైల్‌ఫ్యాన్ల వాట్సాప్ గ్రూపు తెరిచాను. అప్పటికే ఒకరు అడిగేశారు, "లోకో ఏదో తెలిసిందా?" అని. నేను టైపు చేయబోతున్న ప్రశ్నే. అది చూసి నాకు ముందు కలిగింది సిగ్గు కాదు, ఊరట. అడిగింది నేను కాదు కదా అని. తర్వాత ఆలోచిస్తే ప్రశ్న కన్నా ఆ ఊరటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

*

నాకీ పిచ్చి కాజీపేటలో పట్టుకుంది. మా మామయ్య రైల్వేలో క్లర్కు. వేసవి సెలవులకి వాళ్ళ క్వార్టర్‌కి వెళ్తే పగలంతా డీజిల్ షెడ్డు వైపే నా కాళ్ళు పోయేవి. ఆల్కో ఇంజిన్ నిలబడి ఉన్నప్పుడు పెద్ద రోట్లో ఎవరో తీరుబడిగా దంచుతున్నట్టు చప్పుడు చేసేది. కదిలేటప్పుడు తాటిచెట్టంత నల్లటి పొగ. ఆల్కో అనేది అమెరికన్ కంపెనీ. వాళ్ళ డిజైన్ తీసుకుని 1960లలో వారణాసిలో మనవాళ్ళు ఇంజిన్లు చేయటం మొదలుపెట్టారు. 1969లో ఆ కంపెనీ ఇంజిన్ల తయారీ మానేసింది. మన దగ్గర మాత్రం ఆ వంశం ఇంకో నాలుగు దశాబ్దాలు పెరుగుతూనే ఉంది. అక్కడ చచ్చిపోయింది ఇక్కడ బతకటం అనే మాట పన్నెండేళ్ళ వయసులో నన్ను ఎంత కదిలించిందో చెప్పలేను.

తర్వాత ఆ భాష వచ్చింది. డబ్ల్యూఏపీ-7 అంటే మామూలు మనిషికి ఏదో కోడు. మాకు అది ఒక వాక్యం. డబ్ల్యూ అంటే వెడల్పు గేజి, 1676 మిల్లీమీటర్లు. ఏ అంటే ఏసీ కరెంటు. పీ అంటే ప్యాసింజరు బండ్లు లాగేది. ఏడు అంటే ఆ వరసలో ఏడో రకం. ఇంజిన్ పక్కన రాసిన షెడ్డు పేరు చూస్తే దాని పుట్టిల్లు తెలుస్తుంది: లాలాగూడ, విజయవాడ, గుత్తి. ఇంజినీరింగ్‌లో చేరాక మొదటి కెమెరా కొన్నాను. ఉద్యోగం వచ్చాక మంచి కెమెరా.

రైలు ఫోటో అంటే రైలొచ్చినప్పుడు మీట నొక్కడమే అనుకుంటారు. కాదు. పొద్దున ఎండ ఏ వైపు నుంచి పడుతుందో చూసుకుని పట్టాలకి ఏ పక్కన నిలబడాలో తేల్చుకోవాలి. ఇంజిన్ ముఖమూ, పక్కభాగమూ రెండూ వెలుగులో ఉండాలి. కరెంటు స్తంభం నీడ ముఖం మీద పడకూడదు. ఇంజిన్ నెత్తి మీద తీగని తాకే పాంటోగ్రాఫ్ స్తంభంలో కలిసిపోకూడదు. ఒంపు తిరుగుతూ వస్తే వెనక పెట్టెలన్నీ తోకలాగా కనబడతాయి కాబట్టి ఒంపు ఉన్న చోటు వెతుక్కోవాలి. ఇవన్నీ కుదిరిన చోట మూడు గంటలు నిలబడితే, బండి మన ముందు ఉండేది పది సెకన్లు. ఆ పది సెకన్లలో అవతలి లైన్లో ఎదురుగా గూడ్సు వచ్చి అడ్డం పడితే అంతే సంగతులు, ఇంటికి పోవటమే.

దీని వల్ల ఏం లాభం అని మా ఆవిడ పెళ్ళైన కొత్తలో అడిగేది. ఆఫీసులో ఇప్పటికీ అడుగుతారు. లాభం లేకపోవటమే దీని లాభం అని చెప్పేవాణ్ణి. అది తెలివైన జవాబని నా నమ్మకం.

ఆ జవాబుకి ఒక పుస్తకం దన్ను కూడా దొరికింది. ఐరిస్ మర్డోక్ అని నవలలూ తత్త్వశాస్త్రమూ రెండూ రాసిన ఆవిడ, 1970లో వచ్చిన ఒక వ్యాససంపుటిలో ఒక చిన్న ఉదాహరణ ఇస్తుంది. ఏదో అవమానం మనసులో మెలిపెడుతుంటే కిటికీలోంచి బయటకి చూస్తుంది. ఆకాశంలో ఒక డేగ గాలిలో నిలబడి ఉంటుంది. ఒక్క క్షణంలో ఆ అవమానమూ, తన 'నేను' అంతా మాయమై డేగ ఒక్కటే మిగులుతుంది. తిరిగి ఆ విషయానికి వచ్చేసరికి అదంత పెద్దదిగా అనిపించదు. తన నుంచి తాను బయటపడి మరొకదాన్ని ఉన్నదున్నట్టు చూడటం నీతికి మొదటి మెట్టు అని ఆమె వాదన. నాకిది చదివినప్పుడు ఒళ్ళు పులకరించింది. నా డేగ లాలాగూడ షెడ్డులో ఉంది! మూడు గంటలు ఎండలో నిలబడి, జీతం గురించీ బాస్ గురించీ ఒక్క ఆలోచన రాకుండా, రాబోయే ఒక యంత్రం కోసం ఎదురుచూడటం ఒక రకం సాధనే కదా. అందువల్ల నేను కొంచెం మెరుగైన మనిషిని అయ్యే ఉంటాను అనుకున్నాను.

మే 8 పొద్దున ఆ వాదన కూలిపోయింది. ఇన్నేళ్ళ సాధన నన్ను మెరుగు చేసి ఉంటే, 16 మంది చావు ఎదురుగా పెట్టుకుని నాకు ఇంజిన్ నంబరు ఎందుకు కావాల్సి వచ్చింది?

*

ఆ శనివారం పాత హార్డ్ డిస్క్ తీసి కూర్చున్నాను. ఎందుకో సరిగ్గా తెలియదు. నా ఫోటోల్లో మనుషులు ఎంతమంది ఉన్నారో చూద్దామనిపించింది అనుకుంటా. పైకి పెట్టిన ఫోటోల్లో దాదాపు ఎవరూ లేరు. అసలు ఫైళ్ళలో మాత్రం చాలామంది ఉన్నారు. గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన. తలుపు దగ్గర కూర్చుని కాళ్ళు వేలాడేసిన కుర్రాళ్ళు. గడ్డిమోపుతో పట్టాల పక్కన పోతున్న ఆవిడ. అందర్నీ నేనే కత్తిరించాను. ఫ్రేము పాడుచేస్తున్నారని.

వాటిలో 2018 జనవరి నాటి వరస ఒకటి ఉంది. ఘనపూర్‌కీ కాజీపేటకీ మధ్య ఒక ఒంపు దగ్గర, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడి తీసింది. ఆ పొద్దున అక్కడికి ఒక కీమ్యాన్ వచ్చాడు. కీమ్యాన్ అంటే రోజూ తన వంతు పట్టాల వెంట కిలోమీటర్ల కొద్దీ నడిచి, పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే క్లిప్పులు వదులయ్యాయా, పట్టా ఎక్కడైనా చిట్లిందా అని చూసే మనిషి. భుజాన సుత్తీ, పానా, సంచిలో ఎర్ర జెండాలూ, ఆపదొస్తే పట్టా మీద పెట్టి పేల్చే టపాకాయల్లాంటి డిటొనేటర్లూ. యాభై దాటి ఉంటాయి.

"ఏం సార్, పేపరోళ్ళా?"

"కాదు. ఊరికే, ఇష్టంకొద్దీ."

"ఊకెనే?" అని నవ్వాడు. కొంచెం సేపు కెమెరా వంక చూశాడు. "గంత దగ్గర నిలబడకుండ్రి సార్. బండి వచ్చిందంటే గాలి గుంజుతది. ఇంకింత ఎన్కకు రండ్రి."

రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా వెళ్ళటం చట్టం 147వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఆయన ఆ మాట ఎత్తలేదు. గాలి సంగతే చెప్పాడు. నేను వెనక్కి జరిగాను. కానీ ఇప్పుడు ఆయన సరిగ్గా నా ఫ్రేములో, పట్టాల పక్కన నిలబడ్డాడు.

"పెద్దాయనా, మీరు కూడా కొంచెం అటు పక్కకి జరుగుతారా? ఫోటోలో పడుతున్నారు."

"పడితే మంచిదే గద సార్. నాయి ఫోటోలే లెవ్వు, డ్రెస్సు మీద" అన్నాడు. అంటూనే నాలుగడుగులు జరిగాడు. "గింతకన్న జరగరాదు సార్. బండి పోయేటప్పుడు నేను జూడాలె."

"ఏం చూస్తారు?"

"కిందికెళ్ళి జూస్తం. ఏమన్న యేలాడుతున్నదా, చక్రం కాడ పొగ లేస్తున్నదా, కాలిన వాసనొస్తున్నదా. ఆఖరి డబ్బ దాక జూడాలె. ఏమన్న కనబడ్డదంటే గార్డుకు ఎర్ర జెండ సూపెడ్తం."

బండి వచ్చింది, పోయింది. ఆయన తన ఫోన్ నంబరు చెప్పి, నేను పడ్డ ఫోటో ఒకటి పంపండి సార్, మా బిడ్డకు చూపెడతా అన్నాడు. తప్పకుండా అన్నాను. ఇంటికెళ్ళి ఏడు ఫోటోల్లోంచి ఒకటి ఎంచుకుని, కుడివైపు ఆయన ఉన్న ముక్క కోసేసి, ఇంజిన్ నంబరు స్పష్టంగా కనబడేట్టు చేసి పైకి పెట్టాను. నా ఫోటోల్లో బాగా పేరొచ్చిన వాటిలో అదొకటి. ఆయనకి పంపలేదు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు గానీ నిజం అది కాదు. పంపాలంటే కోయని ఫోటోని మళ్ళీ కూర్చుని సరిచేయాలి. ఆ పది నిమిషాల పనికి బద్ధకించాను.

రెండేళ్ళ తర్వాత ఆ ఏడు ఫోటోలూ వరసగా చూస్తుంటే ఒకటి కనబడింది. మూడో ఫోటోలో కీమ్యాన్ చెయ్యి కొంచెం లేచి ఉంది. నాలుగో దాంట్లో ఇంజిన్ కిటికీలోంచి డ్రైవరు చెయ్యి బయటికి వచ్చింది. ఐదో దాంట్లో రెండు చేతులూ పైకి ఉన్నాయి. అంతా బాగానే ఉంది అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఆ రోజు నేను అంత శ్రద్ధగా చూస్తున్న ఆ పది సెకన్లలోనే, నా కళ్ళ ముందు ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నారు. నేను చూడలేదు.

*

అప్పట్నుంచి నన్ను వదలని సంగతి ఇది. ఆ రోజు ఆ బండిని ఇద్దరం చూశాం. ఇద్దరమూ కన్నార్పలేదు. శ్రద్ధలో ఆయన కన్నా నేనేం తక్కువ తినలేదు. కానీ నేను బండి ముఖం చూశాను, ఆయన చక్రాలు చూశాడు. నేను ఇంజిన్ దాటగానే కెమెరా దించేశాను, ఆయన ఆఖరి పెట్టె దాకా చూశాడు. నేను నా కోసం చూశాను, ఆయన లోపలున్న వాళ్ళ కోసం. వాళ్ళెవరో ఆయనకి తెలియదు. వాళ్ళకి ఆయన తెలియడు. కిటికీలోంచి చూస్తే ఒక్క క్షణం కనబడి మాయమయ్యే నారింజ రంగు చొక్కా, అంతే.

మర్డోక్ డేగ ఉదాహరణలో నేను సౌకర్యంగా వదిలేసుకున్నది ఇక్కడుంది. 'నేను' మాయమవటం మొదటి మెట్టు మాత్రమే. నేను మాయమైన చోట ఎవరికి చోటిచ్చాను అన్నది రెండో మెట్టు. నా విషయంలో నేను మాయమైనప్పుడు మిగతా మనుషులు కూడా నాతోపాటే మాయమైపోయారు. నా మీద ధ్యాస పోవటమూ, ఎదుటివాళ్ళ మీద ధ్యాస రావటమూ ఒకటే అనుకుని మోసపోయాను.

మొదటి ఆలోచనకి మనిషి బాధ్యుడా అని కూడా చాలా తన్నుకున్నాను. అది తుమ్ములాంటిది, దానంతటదే వస్తుంది, రెండో ఆలోచనకే మనం జవాబుదారీ అని ఒక వాదన ఉంది. నాకది పూర్తిగా నచ్చదు. ఆ ప్రశ్న ఆకాశంలోంచి ఊడిపడలేదు. పదేళ్ళపాటు వేలకొద్దీ ఫోటోల్లోంచి మనుషుల్ని కోసి పారేశాను. ఒక్కోసారీ అది చిన్న పనే, ఎవరికీ నష్టం లేదు. కానీ చేత్తో చేసిన పని మెల్లగా కంటికి అలవాటైంది. కంటి నుంచి మనసుకి. ఆ పొద్దున వార్త చదివినప్పుడు నేను కోయాల్సిన అవసరం కూడా రాలేదు. మనుషులు ముందే కత్తిరించుకుపోయి, ఇంజిన్ ఒక్కటే నా ముందుకి వచ్చింది.

టర్నర్ 1844లో వేసిన 'వాన, ఆవిరి, వేగం' అనే బొమ్మ ఇక్కడ గుర్తొస్తుంది. లండన్‌లో నేషనల్ గ్యాలరీలో ఉంది. నేను కంప్యూటర్ మీద చూసిందే. వానలో, పొగలో, వంతెన మీద నుంచి నల్లటి ఇంజిన్ దూసుకొస్తుంటుంది. రైల్‌ఫ్యాన్లందరికీ ప్రాణం ఆ బొమ్మ. ఇంజిన్ ముందు, పట్టాల మీద, ప్రాణభయంతో పరిగెడుతున్న ఒక కుందేలుని కూడా టర్నర్ వేశాడు. రంగు వెలిసిపోయి ఇప్పుడది కనబడీ కనబడకుండా ఉంటుంది. ఎవరైనా చెప్తే తప్ప తెలియదు. ఆ బొమ్మని నేను ఎన్నోసార్లు చూశాను, కుందేలు ఉందని చదివేదాకా ఒక్కసారీ చూడలేదు. బొమ్మలో రంగు వెలిసింది కాబట్టి అని సర్దిచెప్పుకోవచ్చు. నా ఫైల్లో కీమ్యాన్ రంగు వెలవలేదు.

*

గ్రూపులో నాకు దగ్గరైన ఒక మిత్రుడితో ఈ గొడవంతా చెప్పాను. అతను ఒప్పుకోలేదు. "పక్షుల్ని తీసేవాళ్ళని, చెట్టు కింద పడుకున్న మనిషిని ఎందుకు తీయలేదని అడుగుతారా? ప్రతిదాంట్లోకీ మనుషుల్ని లాక్కొచ్చి మనల్ని మనం తిట్టుకోవటం ఒక ఫ్యాషన్. ఇష్టం ఇష్టమే. దానికి పన్ను కట్టక్కర్లేదు" అన్నాడు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. ప్రతి సంతోషాన్నీ నేరం చేసి బోనులో నిలబెట్టే మనస్తత్వం మన వ్యాసాల్లో కొంత ఉంది. నాకూ అది చిరాకే.

కానీ పక్షిని ఎవరూ నడపరు. రైలు అలా కాదు. పట్టా కింద కంకర దగ్గర్నుంచి పైన తీగ దాకా మనుషుల చేతులు తగలనిది ఏదీ లేదు. కర్మాడ్ దగ్గర ఆ ఇంజిన్‌లో ఉన్న డ్రైవరు సంగతే చూడండి. గూడ్సు బండి బ్రేకులు పడ్డాక కూడా వందల మీటర్లు పోయాకే ఆగుతుంది. ఆ కొన్ని సెకన్లు ఆయనకి జీవితాంతం ఉంటాయి. 'ఏ ఇంజిన్' అని అడిగిన నేను ఇంజిన్ లోపలి మనిషిని కూడా అడగలేదు. రైలుని నిజంగా ప్రేమిస్తున్నానని చెప్పుకునేవాడికి రైలు గురించి ఇంత కూడా తెలియకపోతే, అది ప్రేమ తక్కువై వచ్చిన లోపమే గానీ ఎక్కువై వచ్చింది కాదు.

అలాగని ప్రతి ఫోటోలో ఒక మనిషిని నిలబెడితే తీరిపోతుందా? అమెరికాలో ఓ. విన్‌స్టన్ లింక్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1955 నుంచి 1960 దాకా, నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో చివరి ఆవిరి ఇంజిన్లని రాత్రిపూట, డజన్ల కొద్దీ ఫ్లాష్ బల్బులు ఒకేసారి వెలిగించి తీశాడు. ఆయన ఫోటోల్లో మనుషులు తరచుగా ఉంటారు. అందరికీ తెలిసిన ఒక ఫోటోలో కార్లలో కూర్చుని సినిమా చూస్తున్న జనం, ముందు కారులో ఒక జంట, వెనక పొగ కక్కుతూ పోతున్న రైలు. కానీ వాళ్ళని అలా కూర్చోబెట్టింది లింకే. సినిమా తెర మీద కనబడే విమానం కూడా తర్వాత అతికించిందే, ఫ్లాష్ వెలుగులో అసలు తెర తెల్లబడిపోయింది కాబట్టి. గొప్ప ఫోటోలు, సందేహం లేదు. ఆ ఊళ్ళు ఎలా ఉండేవో ఇప్పుడు వాటివల్లే తెలుస్తోంది. అయినా మనిషిని ఫ్రేములో పెట్టడమూ మనిషిని చూడటమూ ఒకటి కాదు. నేను కీమ్యాన్‌ని పక్కకి జరగమన్నాను, లింక్ ఇక్కడ నిలబడమన్నాడు. ఇద్దరమూ ఫోటో కోసమే అన్నాం.

'ఏ ఇంజిన్' అనే ప్రశ్నలో తప్పు లేదని కూడా ఇప్పుడు అనుకుంటున్నాను. ప్రమాదం జరిగితే విచారణ చేసే రైల్వే సేఫ్టీ కమిషనర్ కూడా అదే అడుగుతాడు. ఏ ఇంజిన్, ఎంత వేగం, హెడ్‌లైటు ఎంత దూరం పడుతోంది, బ్రేకు ఎప్పుడు వేశారు. (ఆ కమిషన్ రైల్వే శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. తప్పు తమదైనప్పుడు తామే విచారించుకోకూడదని.) మళ్ళీ ఇలా జరగకూడదు అన్న కోరిక వెనక ఉంటే ఆ ప్రశ్న కీమ్యాన్ చూపులాంటిది. వెనక ఏమీ లేకపోతే అది నా ప్రశ్న. మా ఆఫీసులో కూడా రాత్రిపూట సిస్టమ్ పడిపోతే మొదట అడిగేది ఏ సర్వర్ అనే. అది అడగాల్సిందే. కానీ తెల్లారి రాసే రిపోర్టులో 'ఇంత శాతం యూజర్ల మీద ప్రభావం' అని ఒక గీత రాసి ఊరుకుంటాం. ఆ శాతంలో మందుల షాపు ముందు డబ్బు కట్టలేక నిలబడిపోయిన మనిషి ఉన్నాడేమో ఎవరమూ అడగం. ఈ కత్తిరింపు నాకు రైళ్ళు ఒక్కటే నేర్పలేదు.

*

ఆ ఆదివారం, ఐదో ఫోటోని కోయకుండా సరిచేసి, ఫోన్లో 'కీమ్యాన్ ఘనపూర్' అని దాచుకున్న నంబరుకి పంపాను. ఆలస్యమైంది, క్షమించండి అని రాశాను. పేరు కూడా అడగలేదన్న సంగతి అప్పుడే గమనించాను. మర్నాడు జవాబు వచ్చింది, వాయిస్ మెసేజి.

"బండి మంచిగొచ్చింది సార్. నేనే జెర నల్లగొచ్చిన."

వెనక ఎవరో ఆడపిల్ల నవ్వు.

నేను దాన్ని క్షమాపణ దొరికినట్టుగా తీసుకోలేదు. ఆయన నా మీద కోపం పెట్టుకుంటే కదా క్షమించటానికి. నన్ను పట్టుకున్నది ఆ మొదటి వాక్యం. ఫోటోలో ఆయన కూడా ముందు బండినే చూశాడు. ముప్ఫై ఏళ్ళు దాని కింద కంకర తొక్కిన మనిషికి కూడా అది వస్తుంటే అందంగానే ఉంటుంది. కాబట్టి ఆ అందం అబద్ధం కాదు, నా ఇష్టమూ అబద్ధం కాదు. అది సగంలో ఆగిపోయింది, అంతే.

నేను మారిపోయానని చెప్పను. 2023 జూన్ 2 రాత్రి బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం వార్త వచ్చినప్పుడు కూడా నాలో మొదట లేచింది ఆ పాత ప్రశ్నే. అయితే ఈసారి దాన్ని గుర్తుపట్టాను. వచ్చావా అనుకుని, ఆ బండిలో మద్రాసుకి కూలి పనులకి పోయేవాళ్ళు ఎక్కువగా ఉండే జనరల్ పెట్టెలు ముందు వైపు ఉంటాయా అని వెతికాను. ఉన్నాయి. ఆ తర్వాత చాలాసేపు గ్రూపు తెరవలేదు.

ఫోటోలు మానలేదు. ఒక అలవాటు మాత్రం చేసుకున్నాను. ఇదివరకు ఇంజిన్ దాటగానే కెమెరా తెర మీద ఫోటో ఎలా వచ్చిందో చూసుకునేవాణ్ణి. ఇప్పుడు కెమెరా దించి మిగతా బండిని చూస్తాను. చక్రాలు, కిటికీలు, తలుపు దగ్గర తడిసిన జుట్టుతో నిలబడ్డవాళ్ళు, ఆఖర్న గార్డు. చివరి పెట్టె వెనక పెద్ద ఇంటూ గుర్తు ఉంటుంది. స్టేషన్లో నిలబడ్డ మనిషి అది చూశాకే బండి మొత్తం వచ్చింది, దారిలో ఏ పెట్టే విడిపోలేదు అని నిర్ధారణ చేసుకుంటాడు. పాతికేళ్ళుగా ఈ సంగతి నాకు తెలుసు. నిలబడి దాన్ని చూడటం ఈమధ్యే మొదలుపెట్టాను.